పని ముగిసిన స్పేస్ టెలిస్కోప్‌ని కూల్చాలా, దూరంగా తోసెయ్యాలా, ఇంకొన్నాళ్ళు బతికించాలా?

2025 మార్చి 27న జర్మనీలోని డార్మ్‌స్టాట్ కంట్రోల్ సెంటర్ నుంచి, నక్షత్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో కొలిచిన యూరప్‌వాళ్ళ గైయా టెలిస్కోప్‌ని ఆపేశారు. ఆపడం అంటే ఒక బటన్ నొక్కితే అయిపోలేదు. రేడియేషన్ కొట్టినా, ఏదైనా పార్ట్ పోయినా, గ్రౌండ్‌తో లింక్ తెగినా తనంతట తనే లేచి మళ్ళీ పనిలో పడేట్టు దాన్ని కట్టారు, పదకొండేళ్ళు అలాగే నెట్టుకొచ్చింది కూడా, ఇప్పుడు దాన్ని మళ్ళీ లేవకుండా చెయ్యాలంటే ఆ బ్యాకప్‌లన్నీ ఒక్కొక్కటిగా పీకెయ్యాలి. ముందు ఇన్‌స్ట్రుమెంట్లు ఆపారు, తర్వాత లోపలి సాఫ్ట్‌వేర్‌ని కావాలనే చెరిపి పాడుచేశారు, ఆ మిషన్‌లో పనిచేసిన దాదాపు 1500 మంది పేర్లు దాని మెమరీలోకి పంపారు, ఆఖర్న కంప్యూటర్‌నీ రేడియోనీ ఆపేశారు. ఇదంతా చదివిన రోజు నాకు మనసు అదోలా అయిపోయింది. చక్కగా మాట వింటున్న మెషీన్‌ని ఎందుకు ఆపాలి, అలా వదిలేస్తే ఏమవుతుంది, ఇంకే దారీ లేదా అని అప్పట్నించి దొరికిందల్లా చదువుతూనే ఉన్నా. ఆ చదివినదాంట్లోంచి ఒక్కో దారినీ పక్కపక్కన పెట్టి, నాకు ఏది సరైనదనిపించిందో చెప్తాను.

ముందు ఒక విషయం. "అన్నిటికంటే మంచి పద్ధతి ఏది" అని అడిగితే జవాబు దొరకదు. ఆ టెలిస్కోప్ ఎక్కడ తిరుగుతోంది, ట్యాంక్‌లో ఫ్యూయల్ ఎంత మిగిలింది (అసలు ట్యాంక్ అంటూ ఉందా), కిందికి పడితే కాలకుండా నేలదాకా వచ్చే ముక్కలెన్ని, ఇంకా పనిచేస్తున్న పార్టులేవి, ఈ నాలుగూ తెలిస్తే సగం నిర్ణయం దానంతటదే తేలిపోతుంది. మిగిలిన సగం టైమింగ్. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి అంటారు కదా, ఈ విషయంలో అది అక్షరాలా నిజం, కంట్రోల్ పోయాక కూర్చుని ఏ ఆప్షన్ మంచిదని చర్చించుకుంటే ఉపయోగం ఏమీ ఉండదు, అప్పటికి మిగిలేది ఒకే ఆప్షన్, చూస్తూ కూర్చోవడం.

ఆ చూస్తూ కూర్చోవడం నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే చాలాకాలం అందరూ చేసింది అదే. ఐరాస్ అని ఒక ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్, అమెరికా, నెదర్లాండ్స్, బ్రిటన్ కలిసి 1983 జనవరిలో పంపాయి. చల్లగా ఉంచే లిక్విడ్ హీలియం పది నెలల్లో అయిపోయింది, పని అక్కడితో ముగిసింది. కానీ అది ఉన్నది దాదాపు 900 కిలోమీటర్ల ఎత్తులో, అక్కడ గాలి లేనట్టే లెక్క, కిందికి లాగే శక్తి చాలా తక్కువ, అందుకే ఇప్పటికీ అక్కడే తిరుగుతోంది. 2020 జనవరి 29న అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరానికి సరిగ్గా పైన, 1967 నాటి ఇంకో పాడైపోయిన శాటిలైట్ దీని దగ్గర నుంచి దూసుకుపోయింది. రెండిటి మధ్య ఎడం పదిహేను నుంచి ముప్పై మీటర్లే ఉండొచ్చని ముందు లెక్క వేశారు. ఒకదానికొకటి ఎదురుపడే వేగం సెకనుకి 14.7 కిలోమీటర్లు. రెండిట్లో దేనికీ ప్రాణం లేదు, పక్కకి జరగమని చెప్పడానికి లేదు, కింద ఉన్నవాళ్ళు రాడార్ చూసుకుంటూ ఊపిరి బిగబట్టడమే. ఢీకొని ఉంటే ఏమయ్యేదో ఊహించక్కర్లేదు, 2009 ఫిబ్రవరిలో ఇరిడియం 33, కాస్మోస్ 2251 అనే రెండు శాటిలైట్లు దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తులో గుద్దుకుంటే రాడార్‌కి కనిపించేంత సైజు ముక్కలే సుమారు రెండు వేలు వచ్చాయి. పది నెలలు పనిచేసిన టెలిస్కోప్, ఆగిపోయిన ముప్పై ఆరేళ్ళకి అంత పని చేసేదే. కాబట్టి 700, 800 కిలోమీటర్లు దాటిన ఎత్తులో "వదిలెయ్యడం" అన్నదాన్ని నేను అసలు ఆప్షన్‌గానే లెక్కపెట్టను.

కిందన ఉన్నవాటి కథ వేరు. 500 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటే పల్చటి గాలి రాపిడికే మెల్లమెల్లగా దిగి కొన్నేళ్ళలో కాలిపోతాయి, సూర్యుడు బాగా చురుగ్గా ఉన్న ఏళ్ళలో పైగాలి ఉబ్బుతుంది కాబట్టి ఇంకా త్వరగా దిగుతాయి. చిన్నదైతే ఇది హాయైన పద్ధతి. నియోవైజ్ అనే చిన్న ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్ అలాగే 2024 ఆగస్టు 8న ఆగిపోయి, మూడు నెలలు తిరక్కుండానే నవంబర్ మొదట్లో పైనే కాలిపోయింది. కానీ ఇదే పద్ధతి పెద్దదానికి పెడితే భయం ఎక్కడుందో రోసాట్ చూపించింది. జర్మనీవాళ్ళ ఎక్స్‌రే టెలిస్కోప్, 1990లో వెళ్ళింది, రెండున్నర టన్నులకి కాస్త తక్కువ, ఇంజిన్ లేదు. ఎక్స్‌రే అద్దాలంటే మామూలు అద్దాలు కావు, వేడికి వ్యాకోచించని ప్రత్యేకమైన గాజు, పనిచేసినన్నాళ్ళు అదే దాని గొప్ప, పడేటప్పుడు అదే ప్రమాదం, ఎందుకంటే ఆ గాజు కాలదు. ముప్పై ముక్కల దాకా, అన్నీ కలిపి 1.7 టన్నుల దాకా నేలని తాకొచ్చని చెప్పారు, ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరికి దెబ్బ తగిలే అవకాశం రెండువేలలో ఒకటి అన్నారు. 2011 అక్టోబర్ 23న బంగాళాఖాతం మీదుగా దిగింది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఎక్కడ పడుతుందన్నది చివరి గంటల దాకా ఎవరూ చెప్పలేకపోయారు, ఆ ముక్కలు సముద్రంలో పడ్డది మన ప్లానింగ్ వల్ల కాదు. ఇప్పుడు స్పేస్ ఏజెన్సీలు పెట్టుకున్న హద్దు పదివేలలో ఒకటి, అంటే రోసాట్ దానికి ఐదు రెట్లు దాటిందన్నమాట.

అందుకే లో ఆర్బిట్‌లో ఉన్న బరువైనవాటికి నా ఓటు కంట్రోల్డ్ రీఎంట్రీకే, అంటే ఇంజిన్ మండించి ఫలానా చోట, మనుషులు లేని సముద్రంలో పడేట్టు దింపడం. దీనికి మంచి ఉదాహరణ కాంప్టన్ గామా రే అబ్జర్వేటరీ. పదిహేడు టన్నులు, 1991లో స్పేస్ షటిల్‌లో వెళ్ళింది. 1999 డిసెంబర్‌లో దాని మూడు గైరోల్లో (టెలిస్కోప్ ఎటు తిరుగుతోందో పట్టి చెప్పే పరికరాలు) ఒకటి పోయింది. మిగిలిన రెండిటితో సైన్స్ చక్కగా జరుగుతోంది, ఇన్‌స్ట్రుమెంట్లన్నీ బాగున్నాయి, అయినా నాసా దించేద్దామంది, ఎందుకంటే ఇంకో గైరో కూడా పోతే అంత బరువున్నదాన్ని సరిగ్గా గురిపెట్టి దింపడం కష్టమైపోతుంది. సైంటిస్టుల్లో చాలామంది ఒప్పుకోలేదు, బతికున్నదాన్ని చంపుతున్నారని బాధపడ్డారు. ఆ బాధ నాకు పూర్తిగా అర్థమవుతుంది. కానీ నేను ఆ కుర్చీలో ఉన్నా అదే చేసేవాణ్ణి, పదిహేడు టన్నుల విషయంలో "ఇంకో ఆర్నెల్లు చూద్దాం" అనడం పందెం కట్టడమే, ఆ పందెంలో ఒడ్డేది వేరేవాళ్ళ ప్రాణాలు. 2000 జూన్ 4న నాలుగు విడతల బర్న్‌లతో పసిఫిక్‌లో దించారు, అంతా అనుకున్నట్టే జరిగింది.

దీనికోసం ఫ్యూయల్ మొదటినుంచీ పక్కన పెట్టాలి, అదే ఇందులో ఖర్చు, ఆ ట్యాంక్, ఆ థ్రస్టర్లు (చిన్న ఇంజిన్లు), ఆ బరువు అన్నీ లాంచ్ రోజే మోసుకెళ్ళాలి, ఆ మేరకు సైన్స్‌కి చోటు తగ్గుతుంది. కానీ ఆ ఖర్చు ఒక్కోసారి అనుకోని విధంగా తిరిగొస్తుంది. ఫెర్మీ అనే గామా కిరణాల టెలిస్కోప్‌కి థ్రస్టర్లు పెట్టిందే చివర్న కిందికి దించడానికి. 2012 ఏప్రిల్ 3న కాస్మోస్ 1805 అనే పాత సోవియట్ శాటిలైట్ దారికి అడ్డంగా వస్తోందని తెలిసి, చావుకోసం దాచిన ఆ థ్రస్టర్లనే ఒక్క సెకను మండించి పక్కకి తప్పుకున్నారు. అంతవరకూ వాటిని ఎప్పుడూ వాడలేదు. ఫెర్మీ ఆ తర్వాత ఏళ్ళ తరబడి పనిచేస్తూ వచ్చింది.

కాలి బూడిదవ్వడం కూడా పూర్తిగా శుభ్రమైన పని కాదు, అది కూడా చెప్పాలి. స్ట్రాటోస్ఫియర్‌లో తేలే సన్నటి కణాల్లో రాకెట్లూ శాటిలైట్లూ కాలగా వచ్చిన అల్యూమినియం లాంటి మెటల్స్ ఉన్నాయని 2023లో విమానాల మీద కొలిచి చూపించారు. దానివల్ల ఓజోన్‌కి ఎంత నష్టమన్న చర్చ ఇంకా నడుస్తోంది. అయితే టెలిస్కోప్‌లు ఏడాదికి పడేవి ఒకటీ అరా, వేల సంఖ్యలో పడబోయేవి ఇంటర్నెట్ శాటిలైట్లు, కాబట్టి ఈ ఒక్క కారణంతో టెలిస్కోప్‌ని పైన ఉంచెయ్యడం నాకు సరైన లెక్క అనిపించదు.

ఇక దూరంగా ఉన్నవి. భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల అవతల, సూర్యుడున్న వైపు కాకుండా దానికి అవతలివైపు ఎల్2 అనే చోటు ఉంది, జేమ్స్ వెబ్ ఉన్నది అక్కడే, గైయా, హెర్షెల్, ప్లాంక్ పనిచేసిందీ అక్కడే. అది బంతిని కొండ శిఖరం మీద నిలబెట్టినట్టుంటుంది, కొన్ని వారాలకోసారి చిన్నగా తోసి సరిచెయ్యకపోతే జారిపోతుంది, ఎటు జారుతుందో చెప్పలేం, భూమివైపు కూడా రావచ్చు. పైగా ఆ చోటు అందరికీ కావాలి. అందుకని చివరి ఫ్యూయల్‌తో దాన్ని సూర్యుడి చుట్టూ తిరిగే ఆర్బిట్‌లోకి తోసి, ట్యాంక్ ఖాళీ చేసి ఆపేస్తారు. హెర్షెల్‌ని 2013 జూన్ 17న అలా చేశారు, 3.5 మీటర్ల అద్దం, అప్పటిదాకా అంతరిక్షానికి వెళ్ళినవాటిలో పెద్దది. దానికి ఇంకో ఆప్షన్ కూడా చూశారు, చంద్రుడి ధ్రువం దగ్గర గుద్దించి, పైకి లేచే దుమ్ములో నీళ్ళున్నాయేమో వెతకడం. నాకు ఆ ఐడియా చాలా నచ్చింది, చచ్చేటప్పుడు కూడా ఒక కొలత ఇచ్చి పోవడం ఎంత బాగుంటుంది. ఖర్చు చూసుకుని సూర్యుడి ఆర్బిట్ వైపే మొగ్గారు.

గైయాని ఎందుకు అంత పట్టుబట్టి ఆపారన్నదానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. సోలార్ ప్యానెల్ మీద ఎండ పడినంతకాలం పవర్ వస్తూనే ఉంటుంది, పవర్ వస్తే కంప్యూటర్ లేస్తుంది, లేస్తే రేడియో ఆన్ చేసి భూమిని పిలుస్తుంది, వినేవాళ్ళు ఉండరు, ఆ ఫ్రీక్వెన్సీలో ఇంకో మిషన్‌కి అడ్డం పడుతుంది. ట్యాంక్‌లో ప్రెషర్, బ్యాటరీలో ఛార్జ్ ఉండిపోతే ఎప్పుడో పేలి ముక్కలవ్వొచ్చు, ఈ భయం భూమి దగ్గరున్నవాటికి ఇంకా ఎక్కువ. అందుకని ఏ దారి ఎంచుకున్నా ఈ ఖాళీ చెయ్యడం, ఆపెయ్యడం మాత్రం తప్పనిసరి, ఇందులో పోలిక అవసరం లేదు.

కెప్లర్, స్పిట్జర్ లాంటివాటికి ఈ తోసే శ్రమే లేదు, వాటిని మొదట్లోనే సూర్యుడి చుట్టూ, భూమి వెనకాల మెల్లగా వెనకబడుతూ పోయే దారిలో పెట్టారు. కెప్లర్‌కి ఫ్యూయల్ అయిపోయాక 2018 నవంబర్ 15న చివరి కమాండ్ పంపారు, ఆ పేరు పెట్టిన ఖగోళ శాస్త్రవేత్త జోహానెస్ కెప్లర్ 1630లో చనిపోయింది అదే తేదీన. కొత్తగా డిజైన్ చేసేవాళ్ళు ఈ ఆర్బిట్ గురించి సీరియస్‌గా ఆలోచించాలి, కాకపోతే దూరమయ్యేకొద్దీ డేటా స్పీడ్ పడిపోతుంది, రిపేర్‌కి ఎవరూ వెళ్ళలేరు.

ముందే నిర్ణయం తీసుకోవడం అంటే ఏంటో చూడాలంటే ఇంటెగ్రల్‌ని చూడండి, నాకు వీటన్నిట్లో బాగా గౌరవం కలిగించింది అదే. యూరప్‌వాళ్ళ గామా కిరణాల టెలిస్కోప్, 2002లో వెళ్ళింది, భూమి చుట్టూ చాలా సాగదీసిన ఆర్బిట్. 2015 మొదట్లో, ఇంకా ఎంతో సైన్స్ మిగిలి ఉండగానే, ఫ్యూయల్ ఖర్చుపెట్టి నాలుగు బర్న్‌లు చేసి దాని దారిని కొంచెం మార్చారు, ఆ మార్పు వల్ల 2029లో అది దానంతటదే, దక్షిణాన దూరంగా, వాతావరణంలోకి దిగుతుంది. ఆ పని అప్పుడు చెయ్యకపోయుంటే? 2020లో దాని థ్రస్టర్లు పాడయ్యాయి. టీమ్ రియాక్షన్ వీల్స్‌తో (లోపల తిరుగుతూ టెలిస్కోప్‌ని ఇటూ అటూ తిప్పే చక్రాలు) నెట్టుకొచ్చి 2025 ఫిబ్రవరి దాకా సైన్స్ చేసింది, కానీ ఆర్బిట్ మార్చే శక్తి అప్పటికి లేదు. ఐదేళ్ళ ముందు ఎవరో కూర్చుని లెక్క వేసుకున్నందుకే ఇవాళ దాని గురించి కంగారు లేదు.

ఆపకుండా పొడిగించే దారులూ కొన్ని ఉన్నాయి. ఒకటి నిద్రపుచ్చడం. పైన చెప్పిన నియోవైజ్ అసలు పేరు వైజ్, చల్లబరిచే హైడ్రోజన్ అయిపోయాక 2011 ఫిబ్రవరిలో నిద్రపుచ్చారు, 2013లో భూమి దగ్గరికి వచ్చే గ్రహశకలాలు వెతకడానికి మళ్ళీ లేపారు, ఇంకో పదేళ్ళకి పైగా పనిచేసింది, 2020లో మామూలు కంటికే కనిపించిన ఆ తోకచుక్కని కనిపెట్టింది అదే. మేడ మీద నిలబడి ఆ తోకచుక్కని వెతుక్కున్నప్పుడు, దాన్ని కనిపెట్టింది ఒకప్పుడు పక్కన పడేసిన టెలిస్కోప్ అని నాకు తెలీదు, తెలిసుంటే ఇంకాసేపు చూసేవాణ్ణి. ఇంకోటి వేరేవాళ్ళకి అప్పగించడం, డబ్బులు ఆగిపోయినప్పుడు గేలెక్స్ అనే అల్ట్రావయొలెట్ టెలిస్కోప్‌ని 2012లో నాసా కాల్‌టెక్ యూనివర్సిటీకి అరువిచ్చింది, వాళ్ళు సొంతంగా డబ్బు పోగేసి ఇంకో ఏడాది నడిపారు. రెండూ మంచివే, ఒక్క షరతు, నిద్రపోయినదాన్నీ చేతులు మారినదాన్నీ చివర్న ఎవరు ఎలా దింపుతారన్నది ముందే కాగితం మీద ఉండాలి. గేలెక్స్ ఆగిపోయాక కనీసం అరవై ఐదేళ్ళు పైనే ఉంటుందని చెప్పారు, అది నాకు మింగుడుపడని విషయం.

ఇక హబుల్. అందరూ అడిగేది దీని గురించే. 1990 ఏప్రిల్‌లో వెళ్ళింది, 1993 నుంచి 2009 దాకా ఐదుసార్లు మనుషులు వెళ్ళి బాగుచేశారు, పదకొండు టన్నులు, సొంత ఇంజిన్ లేదు. మొదట్లో 600 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో ఉండేది, ఇప్పుడు 500 దగ్గరికి జారింది. 2024 జూన్ నుంచి ఒకే గైరోతో నడుపుతున్నారు, ఒకటి దాచి పెట్టారు. ఏమీ చెయ్యకపోతే 2030ల్లో కిందికి వస్తుంది, దాని 2.4 మీటర్ల అద్దం, టైటానియం భాగాలు పూర్తిగా కాలవు, అంటే రోసాట్ కథే, ఇంకా పెద్ద సైజులో.

షటిల్‌లో తెచ్చి మ్యూజియంలో పెట్టాలన్నది మొదటి ప్లాన్. షటిల్స్ 2011లో ఆగిపోయాయి, అంత పెద్దదాన్ని కడుపులో పెట్టుకుని దిగే బండి ఇప్పుడు ఏదీ లేదు. 1993లో దాని చూపు సరిచేసిన కోస్టార్ అనే యూనిట్‌ని 2009లో వెనక్కి తెచ్చారు, అది స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది, అంతవరకే దక్కింది. ఇంకా పైకి, వెయ్యి కిలోమీటర్లకి ఎత్తేసి పైనే మ్యూజియంలా ఉంచుదాం అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ప్రేమ నాకు తెలుసు, కానీ ఐరాస్ గుర్తుచేసుకోండి, తప్పుకోలేని పదకొండు టన్నుల వస్తువుని చెత్త నిండిన ఎత్తుకి తీసుకెళ్ళి పెడితే అది ఒకరోజు తనే చెత్త అవుతుంది.

మిగిలినవి రెండు: కొంచెం పైకి తోసి బతికించడం, లేదా ఇంజిన్ తగిలించి సముద్రంలోకి దింపడం. 2022 చివర్లో ఒక ప్రైవేట్ మిషన్ వెళ్ళి పైకి తోసే ఆలోచన మీద నాసా స్టడీ చేయించింది, 2024లో ఇప్పుడే వద్దంది, అందులో ఒక కారణం న్యాయమైనదే, దగ్గరికి వచ్చిన స్పేస్‌క్రాఫ్ట్ థ్రస్టర్ పొగ ఆ అద్దాల మీద పడితే ఉన్న సైన్స్ కూడా పోతుంది. ఇంకోపక్క 2004లో వెళ్ళిన స్విఫ్ట్ టెలిస్కోప్ వేగంగా కిందికి జారుతుంటే, దాన్ని రోబోతో పట్టుకుని పైకి తొయ్యడానికి 2025లో నాసా ఒక చిన్న కంపెనీకి 3 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చింది, స్విఫ్ట్‌కి పట్టుకోవడానికి ఒక పిడి కూడా లేదు. హబుల్‌కి ఉంది. 2009లో చివరిసారి వెళ్ళినవాళ్ళు దాని అడుగున గుండ్రటి రింగ్ ఒకటి బిగించి వచ్చారు, ఎప్పుడో ఒకరోజు ఏదో ఒక బండి వచ్చి పట్టుకోవాల్సి వస్తుందని.

నా సలహా ఇది. గైరోలు మార్చడం, మనుషుల్ని పంపడం వదిలెయ్యండి. స్విఫ్ట్ తరహాలో ముందు చిన్నవాటి మీద ఈ పట్టుకునే పని బాగా నేర్చుకుని, తర్వాత హబుల్‌కి ఒక ఇంజిన్ మాడ్యూల్ పంపాలి, అది వెళ్ళగానే హబుల్‌ని కొంచెం పైకి తోసి, అక్కడే అతుక్కుని ఉండిపోవాలి, హబుల్ పనిచేసినన్ని రోజులు పనిచెయ్యనివ్వాలి, ఆగిన రోజు అదే ఇంజిన్ దాన్ని పసిఫిక్‌లో దింపాలి. ఒకే ప్రయాణంతో రెండు పనులు. పొగ అద్దం మీద పడకుండా మూత వేసుకోవచ్చు, హబుల్‌కి ముందువైపు తలుపు ఉంది, రింగ్ వెనకవైపు ఉంది. ఆలస్యం చేస్తే మాత్రం ఇంకా కిందికి జారి, అదుపు తప్పి గిరగిరా తిరగడం మొదలుపెడితే, పట్టుకోవడమే కుదరదు.

డేటా గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. కెప్లర్-90 అనే నక్షత్రం చుట్టూ ఎనిమిదో గ్రహాన్ని 2017 డిసెంబర్‌లో ప్రకటించారు, అది దొరికింది కెప్లర్ మొదటి నాలుగేళ్ళ పాత రికార్డుల్లో, కంప్యూటర్‌కి నేర్పించి వెతికిస్తే. గైయా ఆకాశాన్ని చూడటం 2025 జనవరిలో ఆగింది, దాని మొత్తం కొలతల కేటలాగ్ రావడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది, టెలిస్కోప్ పోయాక కూడా ఆ టీమ్‌కి జీతాలివ్వాలి. బడ్జెట్ కోతలు వచ్చినప్పుడు ముందు కత్తి పడేది ఈ పని మీదే, కంటికి కనిపించదు కాబట్టి. ఏ మిషన్‌కైనా ఆఖరి ఏడాది ఖర్చు చూస్తున్నప్పుడు దింపడానికి ఎంత అని అడిగినంత గట్టిగా, కేలిబ్రేషన్ ఫైళ్ళు (కొలతల్ని ఎలా సరిచెయ్యాలో చెప్పేవి) రాసి పెట్టినవాళ్ళు ఇంకా ఉన్నారా, ఆ ఫైళ్ళు బయటివాళ్ళు తెరిచి చదివితే అర్థమవుతాయా అని కూడా అడగండి.